వాచిన చేయి, వావిలాకు నూనె



శ్రీకాళహస్తి నుండి ఒక సోదరి వ్రాసిన జాబు మాకు గత మాసమున చేరినది. సాయంకాలమగునప్పటికి ఆమె కాలు పొంగుచున్నదట. ఇరుగుపొరుగువారు సెల్‌ఫోనులలోని చిత్రములు చూచి, “శోషరస మర్దనము” అని యొకటి కలదనియు, ఇంటనే మూలికలతో నూనె కాచుకొని కాలికి రుద్దుకొన్నచో ఒంటిలోని విషమంతయు బయటికి పోవుననియు చెప్పిరట. “ఇది నిజమేనా? ఏ నూనె కాచవలెను? ఎంత గట్టిగా రుద్దవలెను?” అని ఆమె ప్రశ్నలు మూడు. ఈ మూడవ ప్రశ్న చదివినప్పుడు మా గుండె ఝల్లుమన్నది. కారణము ముందు చెప్పెదము, జవాబు తరువాత.

మన సీమ స్త్రీలకు నూనె క్రొత్తది కాదు. నువ్వులనూనెకు మనవారు పెట్టుకొన్న పేరే మంచినూనె. శుక్రవారపు తలంటి, దీపావళినాటి తెల్లవారుజాము తలంటి, బాలింతకు వావిలాకు వేసి కాచిన వేన్నీళ్ళు, పసిబిడ్డను చాచిన కాళ్ళపై పరుండబెట్టుకొని అత్తగారు చేయించు నూనెస్నానము, ఇవి లేని ఇల్లు తిరుపతిలో గాని చిత్తూరులో గాని మేమెరుగము. చెనక్కాయలు పండించు ఇండ్లవారు ఆ నూనెనే ఒంటికిని వాడుకొందురు. అలిపిరి నుండి 3,550 మెట్లు ఎక్కి దిగివచ్చిన బంధువుల కాళ్ళకు నూనె రాసి వేన్నీళ్ళు పోయుట మా వీధిలో మర్యాదలలో నొకటి. కనుక నూనెవలన కీడు కలుగునను తలంపు మాకెన్నడును రాలేదు. అదియే మా కొంప ముంచినది.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటనే కూర్చుండబెట్టి అమరమును, కావ్యములును చెప్పి, అటుపిమ్మట వాగ్భటుని అష్టాంగహృదయములో సూత్రస్థానము కొంత చెప్పిరి. అందు రెండవ అధ్యాయము దినచర్య. ప్రతిదినము అభ్యంగము చేసికొనవలెననియు, అది ముదిమిని, శ్రమను, వాతమును పోగొట్టుననియు, తలకు, చెవులకు, అరికాళ్ళకు విశేషించి చేయవలెననియు ఆచార్యుడు చెప్పినాడు. ఆ వెంటనే, కఫముచేత పీడింపబడువారును, శోధనచికిత్స చేయించుకొన్నవారును, అజీర్ణము గలవారును అభ్యంగమును మానవలెనని నిషేధించినాడు. మొదటి మాటలు మాకు ఇప్పటికిని కంఠస్థములు. నిషేధమును మాత్రము చదివి మరచితిమి.

మా వదినగారు చిత్తూరున నుందురు. నాలుగేండ్ల క్రిందట ఆమెకు ఎడమ రొమ్మున గడ్డ కనబడినది. శస్త్రచికిత్స చేసి, చంకలోని గ్రంథులను గూడ తీసివైచిరి. మందులు, కిరణచికిత్స ముగిసి, రాలిన జుట్టు మరల మొలచి, ఆమె మరల వంటింట తిరుగుచుండగా మేమందరము గండము గడచినదనుకొంటిమి. మరుసటి ఏట మాఘమాసమున ఒకనాడు గాజులు బిగుతైనవని ఎడమచేతివి తీసి పళ్ళెములో పెట్టినారు. కుడిచేతివి వదులుగానే యున్నవి. ఎవరును పట్టించుకొనలేదు. మరి రెండు మాసములకు ఆ చేయి మోచేతినుండి మణికట్టుదాక మెత్తగా ఉబ్బి, రవికచేయి ఎక్కకుండెను.

ఈ వార్త వినగానే మేము తిరుపతిలో వావిలాకు నూనె కాచి, సీసాతో బస్సెక్కి పోయితిమి. ఆ వీధిలోనే ఒళ్ళు పట్టుటలో పేరుపడిన వృద్ధురాలొకతె యుండగా పిలిపించితిమి. ఆమె నూనెను బాగుగా కాచి, భుజమునుండి వ్రేళ్ళ కొనలదాక, కండ నలుగునట్లు, అర్ధగంట సేపు రుద్దినది. వదినగారు పల్లెత్తు మాట అనలేదు. చంకలో కత్తి పడినవారికి పై చేతి లోపలితట్టున స్పర్శ మందగించియుండుననియు, నూనె కాలుచున్నను వారికి తెలియదనియు మాకు అప్పుడు తెలియదు. రెండు దినములు ఇట్లు జరిగినది. మూడవనాటి రాత్రి చలి, వణకు, 103 డిగ్రీల జ్వరము. చేయి కందగడ్డవలె ఎర్రబారి, ముట్టుకొన్న కాలునట్లుండెను. ఆసుపత్రిలో ఆరు దినములు నరమునుండి మందెక్కించిరి.

అక్కడ వ్యాయామచికిత్స నేర్చిన పిల్ల యొకతె వచ్చి చేయి చూచి, “ఇది ఎవరు రుద్దినారమ్మా?” అని అడిగినది. మేము గడపలో నిలిచి యుంటిమి. వదినగారు మావైపు చూడకుండనే, “నేనే రుద్దుకొంటిని తల్లీ” అని చెప్పిరి.

జ్వరము తగ్గిన తరువాత ఆ పిల్లయే వదినగారికి సరియైన మర్దనము నేర్పినది. ఆమె చేయి చూచినప్పుడు, ఇదియు ఒక మర్దనమేనా యని మాకు తోచినది. చంటిబిడ్డ చెక్కిలి నిమురునంతటి ఒత్తిడి. నూనె లేదు. మొదలు పెట్టినది వాచిన చేతివద్ద కాదు, మెడవద్ద! మాకు నవ్వు వచ్చినది, అడిగితిమి. ఆమె ఓపికతో చెప్పినదియు, తరువాత మేము పుస్తకములు తెప్పించుకొని చదివినదియు కలిపి ఇచ్చట వ్రాయుచున్నాము.

మా ఇంటివారు పాఠము చెప్పుటకై బడికి కొనిపోవు శరీరపటమున రక్తనాళములు ఎర్రగాను నీలముగాను గీయబడియున్నవి. మూడవ నాళములు అందు లేవు. కాని ఒంటిలో కలవు. రక్తమునుండి సన్నని నాళముల గోడలగుండ నీరు ఊరి, కండ సందులను తడుపును. అందు చాలభాగము మరల రక్తమును చేరగా, మిగిలినది, దినమునకు ఇంచుమించు 2, 3 లీటర్లు, ఈ మూడవ నాళముల దారిని పోవును. దానినే శోషరసమందురు, లసిక యనియు అందురు. రక్తమునకు గుండె యున్నది. ఈ రసమునకు అట్టి పంపు లేదు. నాళముల గోడలు తమంతట తాము ముడుచుకొనుటచేతను, మనము నడచునప్పుడు పిక్క కండలు నొక్కుటచేతను, ఊపిరి లోనికి తీసినప్పుడు రొమ్ము ఈడ్చుటచేతను అది మెల్లగా పైకి ప్రాకును. వెనుకకు జారకుండ లోపల కవాటము లున్నవి. త్రోవలో అక్కడక్కడ గ్రంథులు కావలి కాయుచుండును. కాలికి పుండైనప్పుడు గజ్జలలో బిళ్ళ కట్టినదందుము గదా, ఆ బిళ్ళయే ఈ గ్రంథి. చంకలో ఇట్టివి 20 మొదలు 30 దాక ఉండును. చివరకు రెండు కాళ్ళ రసమును, పొట్టలోనిదియు, ఎడమచేతిదియు ఎడమ మెడ మొదట కంటె ఎముక వెనుక పెద్ద సిరలో కలియును. కుడిచేతిది, తలలో కుడిభాగముది కుడివైపున కలియును.

ఇప్పుడు మెడవద్ద మొదలుపెట్టుట యెందుకో తేటపడినది గదా! చెరువు నిండియున్నప్పుడు ముందు తూము తెరచి, ఆపైని కాలువ త్రవ్వుదుము. తూము మూసియుంచి ఎగువనుండి నీటిని నెట్టినచో గట్టు తెగును. మా వదినగారి చేతికి మేము చేయించినది అదియే. అందులోను క్రిందికి రుద్దించితిమి.

ఈ నాళములను ఐరోపావారు కనుగొన్న కథ విచిత్రముగా నున్నది. 1622వ సంవత్సరమున ఇటలీలోని మిలానులో అసెల్లి యను వైద్యుడు, అప్పుడే మేత తిన్న కుక్క కడుపు కోసి చూడగా, ప్రేగుల పొరపై తెల్లని దారములవంటివి కనబడినవట. కోసినప్పుడు పాలవంటి ద్రవము కారినది. 1650 ప్రాంతమున స్వీడనులో రూద్బెక్కు, డెన్మార్కులో బార్తొలిను ఒంటినిండ ఇట్టి నాళములున్నవని తేల్చిరి. చేతితో ఈ రసమును నడిపించు పద్ధతిని డెన్మార్కు దేశపు దంపతులు ఎమీలు వొడ్డరు, ఎస్ట్రిడు వొడ్డరులు 1930 దరిదాపుల కల్పించి, 1936లో పారిసు నగరమున లోకమునకు చూపించిరి. వారు ఫ్రాన్సుదేశపు సముద్రతీరమున, మాటిమాటికి జలుబు చేసి మెడ బిళ్ళలు కట్టినవారిని చూచుచుండిరి. ఆ కాలపు వైద్యులు అట్టి బిళ్ళలను ముట్టరాదనెడివారు; వీరు మెత్తగా ముట్టి చూచిరి. భార్య పేరు గూడ దీనిలో నిలిచియుండుట మాకు సంతోషము కలిగించినది. అట్లు నిలుచుట అరుదు.

మన పూర్వులకు ఈ సంగతి తెలియునని కొందరు వ్రాయుచున్నారు. మేమట్లు చెప్పజాలము. అభ్యంగమును సామాన్యముగా అనులోమముగా, అనగా రోమములు వ్రాలిన వాటమునకే చేయుదురు. చేతిపైనను కాలిపైనను అది క్రిందివైపే. కాని అష్టాంగహృదయమున అభ్యంగము తరువాత ఉద్వర్తనము చెప్పబడినది. పొడితో నలుగు పెట్టుట యన్నమాట. అది కఫమును హరించును, క్రొవ్వును కరగించును, అంగములను గట్టిపరచునని అందున్నది. ఉద్వర్తనమను మాటలోనే పైకి తిప్పుట యను అర్థము కలదు. మాధవనిదానమున శ్లీపదము, అనగా మన బోదకాలు, ఎట్టిదైనను కఫప్రధానమే యని చెప్పబడినది. కఫము గలవారికి నూనె వలదని దినచర్యలో చెప్పినదానిని దీనితో కలిపి చదివియున్నచో, సీసా పట్టుకొని బస్సెక్కుటకు ముందు మేము ఒక్క క్షణమైనను ఆగియుందుము.

కేరళరాష్ట్రమున కాసరగోడులో చర్మవైద్యసంస్థ యొకటి యున్నది. అచ్చటి వైద్యులు నేటి వైద్యమును ఆయుర్వేదమును కలిపి బోదకాళ్ళకు చికిత్స చేయుచున్నారు. సబ్బుతో కడుగుట, మూలికల నీటిలో కాలుంచుట, యోగాసనములు, శ్వాసక్రియ, మెత్తని మర్దనము, ఆపై బిగుతు కట్టు, ఈ వరుసను వారు పాటింతురు. మర్దనమొక్కటియే అని వారును చెప్పలేదు. 2015లో కాక్రేను సంఘమువారు రొమ్ము శస్త్రచికిత్స తరువాతి చేతివాపు పరిశోధనలను సమీక్షించి, ఈ మర్దనము హాని లేనిదనియు, కట్టుతో కలిపి చేసినప్పుడు, వాపు మితముగా ఉన్నవారికి కొంత అదనపు మేలు చేయవచ్చుననియు తేల్చిరి. భారమంతయు మోయునది కట్టే. చిత్తూరు ఎండలలో రోహిణికార్తెనాడు బిగుతు తొడుగు వేసికొని పొయ్యివద్ద నిలుచుట ఎంతటి బాధయో మేము వదినగారిని చూచి యెరుగుదుము. ఆమె తెల్లవారుజామున తొడుగు వేసికొనకమునుపే వంట ముగించుకొందురు.

ఇక ఒంటిలోని విషము మర్దనముతో బయటికి పోవుననుట ఉత్తమాట. ఆ పని మూత్రపిండములును కాలేయమును రాత్రింబగళ్ళు చేయుచున్నవి. వానికి మన చేతి సాయము అక్కరలేదు.

నిలిచి నిలిచి పని చేయువారికి, దూరప్రయాణము చేసినవారికి, మెట్లెక్కి వచ్చినవారికి సాయంకాలము రెండు కాళ్ళు కొంచెము పొంగి, రాత్రి పరుండి లేచునప్పటికి తీసియుండును. వేరు జబ్బు లేదని వైద్యులు చెప్పిన అట్టివారికి ఇంట చేసికొనదగిన క్రమమిది. చాపపై వెల్లకిల పరుండి కాళ్ళ క్రింద రెండు దిండ్లుంచుకొనుడు. పొట్ట పొంగునట్లు ఊపిరి నిండుగ తీసి విడువవలెను, అయిదు మారులు. ఇది అలంకారమునకు చెప్పినది కాదు, రొమ్ములోని పెద్ద నాళమును ఈ శ్వాసయే ఈడ్చును. పిమ్మట కంటె ఎముకలపైని గుంటలలో వ్రేళ్ళ మెత్తలు ఆనించి, చర్మము మాత్రము కదలునట్లు క్రిందికి లోపలికి నెమ్మదిగా సాగదీసి విడువవలెను, ఆరేడు మారులు. తరువాత గజ్జలలో అట్లే. అటుపిమ్మట తొడను మోకాలినుండి గజ్జలవైపు నిమురుడు. తొడ ముగిసిన తరువాతనే పిక్క, దాని తరువాత చీలమండ, చివరకు పాదము. ఇట్లు దగ్గరిది ముందు, దూరపుది వెనుక. అంతయు అయినప్పుడు పాదమునుండి గజ్జలదాక రెండు మూడు నిడుపాటి నిమురులు. ఒక్కొక్క నిమురునకు మూడు క్షణములైన పట్టవలెను. త్వరపడినచో ఫలము లేదు.

ఒత్తిడి సంగతి మరల చెప్పెదము. ఈ సన్నని నాళములు చర్మమునకు క్రిందనే యున్నవి. వాని మొదళ్ళను నూలుపోగులవంటి తంతువులు చుట్టుపట్లకు కట్టియుంచును. చర్మము సాగినప్పుడు ఆ పోగులు లాగి నోరు తెరచును. గట్టిగా నొక్కినచో నోరు మూతపడును. తడిసిన పట్టుచీర ముడుత చేతితో సరిచేయునప్పుడు ఎంత మెత్తగా చేయుదుమో అంతే. చర్మము ఎర్రబారినచో ఒత్తిడి మించినదని తెలియవలెను. “నొప్పి పుట్టినగాని పట్టినట్టు కాదు” అను మాట కండరముల అలసటకు చెల్లునేమో, దీనికి చెల్లదు.

నూనె విషయమున గూడ సోదరి అడిగినదానికి భిన్నముగా చెప్పవలసి వచ్చినది. నూనె ఎక్కువైనచో చేయి జారిపోవును, చర్మము సాగదు. అందుచేతనే నేర్చినవారు ఈ పనికి నూనె లేకుండగనో, రెండు బొట్లతోనో చేయుదురు. వావిలాకు గాని మరియొక ఆకు గాని వేసినంతమాత్రమున రసము త్వరగా నడచునని మేము నమ్ముట లేదు. అయినను మర్దనము ముగిసిన తరువాత చర్మమునకు నూనె పూయుట మంచిది. వాచిన చోటి చర్మము ఎండి పగులును. ఆ పగులులోనుండియే జ్వరము తెచ్చు సూక్ష్మజీవులు చొచ్చును. కనుక నూనె కాచుకొను విధము చెప్పెదము. మా వంటి వారికి కాచనిదే తోచదు గదా!

తైలపాకమునకు శార్ఙ్గధరుడు చెప్పిన లెక్క యొకటి కలదు. కల్కము ఒక పాలు, నూనె నాలుగు పాళ్ళు, ద్రవము పదునారు పాళ్ళు. పావులీటరు గానుగ నువ్వులనూనెకు ఒక లీటరు కషాయమును, 60 గ్రాముల కల్కమును కావలెను. అరకిలో వావిలాకు కడిగి దంచి, నాలుగు లీటర్ల నీటిలో కాచి, ఒక లీటరగువరకు దించి వడకట్టుడు. కచోరాలు, వట్టివేళ్ళు, పసుపుకొమ్ములు 20 గ్రాముల చొప్పున పొడి చేసి, నీటితో మెత్తగా నూరినచో కల్కమగును. మూడును వెడల్పుగల పాత్రలో చేర్చి, సన్నని మంటపై కలుపుచు కాచవలెను. పాత్ర సగమునకు మించరాదు. చివరలో నూనె నురుగెత్తి పొంగును. ఆ నురుగే పాకము దగ్గరపడినదనుటకు గుర్తు. నేయి కాచునప్పుడు నురుగు అణగును, నూనె కాచునప్పుడు పుట్టును. అడుగున కల్కమును కొంచెము తీసి వ్రేళ్ళతో నలిపినచో వత్తివలె కావలెను; ఆ వత్తిని దీపమున అంటించినచో చిటపటలాడరాదు. చిటపటలాడినచో లోపల నీరున్నదన్నమాట, ఆ నూనె బూజు పట్టును. ఒక పూట పట్టు పని యిది. పిల్లలను పొయ్యి దరికి రానీయరాదు.

గోరువెచ్చగా నున్నప్పుడే వడకట్టి, పొడి గాజుసీసాలో పోసి, కాచిన తేదీ చీటీ అంటింపుడు. రెండు మూడు మాసములకు మించి దాచకుడు. కనరు వాసన వచ్చినది పారవేయవలసినదే. ముందుగా మోచేతి లోపలివైపు ఒక చుక్క పూసి ఒక దినము చూచుకొనవలెను. నువ్వులు పడనివారు కలరు. పసుపు చేర్చినందున పాతచీర కట్టుకొని పూసికొనుడు. మా ఇంట రెండు తెల్లదుప్పట్లు ఇప్పటికి పసుపు శుభకార్యముల దుప్పట్లయినవి. నూనె చల్లగానో గోరువెచ్చగానో ఉండవలెనే గాని, స్పర్శ తగ్గిన అంగమునకు వేడినూనె ఎన్నడును వలదు.

ఎర్రచందనము కలుపవచ్చునా యని కొందరడుగుచుందురు. సానపై అరగదీసి వాపుపై పట్టు వేయుట మన ప్రాంతమున పాత అలవాటే. కాని శేషాచలమును దాని చుట్టుప్రక్కల కొండలను విడిచి అది తనంతట పెరుగు చోట్లు మిక్కిలి తక్కువ. దొంగచాటుగా నరికి అమ్మువారి వలన ఆ అడవులు ఎట్లయినవో మనమెరుగుదుము. అంగడిలో లెక్కప్రకారము అమ్మునది తప్ప మరి దేనిని కొనరాదు. అది లేకున్న నూనెకు కొరతయు లేదు.

చేయి తాకనే తాకరాని వాపులు కలవు. వీనిని మాత్రము జాగ్రత్తగా చదువుడని మా ప్రార్థన. ఒక కాలు మాత్రమే, ఒకటి రెండు దినములలోనే, పిక్క నొప్పితో వేడిగా వాచినచో సిరలో రక్తము గడ్డకట్టియుండవచ్చును. రుద్దినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోవును, ప్రాణమునకే ముప్పు. ఎర్రదనము, మంట, జ్వరము ఉన్నచో తగ్గువరకు చేయి పెట్టరాదు. రెండు కాళ్ళును వాచి, వెల్లకిల పరుండిన ఆయాసము వచ్చువారికి గుండెయు, తెల్లవారి లేచునప్పటికి మొగము కండ్లు ఉబ్బువారికి మూత్రపిండములును పరీక్షింపవలెను. గర్భిణికి కాళ్ళతో పాటు మొగము, చేతులు ఉబ్బి, తలనొప్పి, కండ్లముందు మెరుపులు వచ్చినచో రక్తపుపోటు హెచ్చినదేమో. ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను. ఆమె పాదములకు నూనె రాయుచు కాలము గడపరాదు. క్యాన్సరు చికిత్స జరుగుచున్నవారును, చంకలోనో గజ్జలోనో గ్రంథులు తీసివేయబడినవారును ఈ మర్దనము పుటలో చదివి చేసికొనరాదు. వారికి రసమును వేరొక త్రోవన మళ్ళింపవలెను. అది నేర్చినవారి చేతినుండి నేర్చుకొనవలసినదే. తిరుపతిలో స్విమ్సు ఆసుపత్రి 1993 నుండి యున్నది. 2022 నుండి అలిపిరివద్ద క్యాన్సరు ఆసుపత్రియు వచ్చినది. చిత్తూరువారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల దూరము కాదు. శస్త్రచికిత్స నాడే, “చేతివాపు రాకుండ ఏమి చేయవలెను? నేర్పువారెవరు?” అని అడిగి తెలిసికొనుడు. మేము అడుగలేదు.

బోదకాలు మాట వచ్చినది గనుక రెండు మాటలు. దానిని తెచ్చునది దోమ. 1877లో మాన్సను అను వైద్యుడు చీనాదేశపు రేవుపట్టణములో ఈ పురుగును దోమ మోయుచున్నదని కనిపెట్టెను. మురుగుకాలువలలో పెరుగు క్యూలెక్సు దోమయే మన దేశమున ముఖ్యముగా దీనికి వాహనము. పురుగుపిల్లలు రాత్రివేళనే రక్తములోనికి వచ్చును. అందుచే ఆరోగ్యశాఖవారు రాత్రిపూట ఇండ్లకు వచ్చి రక్తబిందువు తీయుదురు. వేళకాని వేళ వచ్చిరని కసరుకొనక చేయి చాపుడు. 2004 నుండి ప్రభుత్వము ఈ వ్యాధిగల ప్రాంతములలో ఏటేట మాత్రలు పంచుట మొదలుపెట్టినది. వచ్చిన వాపు మాత్రలతో తీయదు. కాని దినమును సబ్బుతో కాలు కడిగి, వ్రేళ్ళ సందులు తడి లేకుండ తుడిచి, పగుళ్ళకు, పాచిన చోట్లకు మందు వేయువారికి జ్వరపు పోట్లు బాగుగా తగ్గునని అన్ని దేశములవారి అనుభవము. ఒక చెంబెడు నీళ్ళు, ఒక సబ్బుముక్క, ఒక పొడిగుడ్డ. మేము కాచిన నూనెకంటె ఈ మూడింటికే విలువ ఎక్కువ.

మా వదినగారి చేయి పూర్తిగా పూర్వమువలె కాలేదు. అగునని వైద్యులును చెప్పలేదు. ఆమె ప్రతి పౌర్ణమినాడు నూలుదారముతో మోచేతిక్రింద, మణికట్టుపైన కొలిచి, కొలతకొక ముడి వేసి, ఆ దారములను పోపుడబ్బాలో దాచుదురు. క్రిందటి నెల ముడికిని ఈ నెల ముడికిని మధ్య గోరంత తగ్గినది. నిమ్మకాయలు కోయునప్పుడును, వేడిపాత్ర దించునప్పుడును ఎడమచేతికి తొడుగు వేసికొందురు. గాజులు మరల ఎక్కినవి గాని రెండు సైజులు పెద్దవి. ఆ రోజు ఆసుపత్రిలో ఆమె చెప్పిన మాటను గురించి మేమిరువురము ఇంతవరకు మాటలాడుకొనలేదు. పోయిన సంక్రాంతికి ఆమెయే, “ఏమమ్మా, ఈసారి వావిలాకు నూనె తేలేదా?” అని నవ్వుచు అడిగిరి. తెచ్చితిమి, చీటీతో సహా. ఆమె రాత్రి తొడుగు తీసిన తరువాత రెండు బొట్లు పూసికొందురు.

శ్రీకాళహస్తి సోదరికి: మీరు ఒక కాలని వ్రాసితిరి. ఒకటియేనా, రెండునా? ఎన్ని మాసములనుండి? తెల్లవారునప్పటికి తీయుచున్నదా, వ్రేలితో నొక్కిన గుంట పడుచున్నదా, ఎప్పుడైన జ్వరము తగిలినదా? ఒక కాలే యైనచో మా జాబుకై చూడక ముందు వైద్యునికి చూపించి, ఆయన చెప్పినదానితో కలిపి వ్రాయుడు. అంతవరకు నూనె కాచుకొన్నను సీసాలోనే యుండనిండు.